పదిహేడు

మంగళవారం ఆసుపత్రిలో ఓ కేస్ షీటు మీద 17 అన్న అంకె చూశాను. అప్పట్నుంచీ మనసు దాని చుట్టూనే తిరుగుతోంది.

మా బాబాయికి హెర్నియా ఆపరేషన్ అయింది. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మధ్యాహ్నం రెండింటికి మొదటి ఏడాది నర్సింగ్ చదివే అమ్మాయి వచ్చింది. జ్వరం చూసింది, మణికట్టు పట్టుకుని నాడి చూసింది. నాడి లెక్క అయిపోయినా చెయ్యి వదల్లేదు. కళ్లు మాత్రం మెల్లగా బాబాయి ఛాతీ మీదికి మళ్లాయి. "ఏమ్మా, నాడి దొరకలేదా?" అన్నాడాయన. "దొరికింది తాతగారూ" అని, ఆయన మాట ఆగేదాకా ఊరుకుని, ఆ పిల్ల మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. నిమిషం నిండాక ఊపిరి గడిలో 17 అని రాసింది. పైన వరసగా 20, 20, 20, 20.

ఈ కాలమ్ మొదట్నుంచీ చదువుతున్నవాళ్లకి నా వాచీ గొడవ తెలుసు. సెకన్ల ముల్లు లేని వాచీతో వార్డులో అడుగుపెట్టొద్దని ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను, ఇక్కడా రాశాను. ఊపిరి గడిలో బేసి సంఖ్య కనిపిస్తే నాకు పండగే. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసేవాళ్లకి 16, 20, 24 లాంటివి తప్ప ఇంకో అంకె రాదు. అందులో ఒక్క ఊపిరి తప్పితే నాలుగు తప్పినట్టే. అసలు చూడనివాళ్లకి 20 ఉండనే ఉంది. నాడి అయ్యాక కూడా చెయ్యి పట్టుకుని ఉండమనేదీ ఊరికే కాదు. తన ఊపిరిని లెక్కపెడుతున్నారని తెలిస్తే ఏ మనిషి ఊపిరీ మామూలుగా ఆడదు.

ఇదేదో పెద్దాసుపత్రి విద్య కాదు. ఊళ్లో ఆశా కార్యకర్తకీ నేర్పుతారు. దగ్గుతో ఉన్న పసిబిడ్డ చొక్కా పైకెత్తి నిండా ఒక నిమిషం చూడాలి. రెండు నెలల లోపు బిడ్డకి 60, ఏడాది లోపైతే 50, ఐదేళ్ల లోపైతే 40 తాకిందంటే ఆలస్యం చెయ్యకూడదు. పిల్లాడు రొప్పుతున్నాడని తల్లులు కంటితో పట్టే సంగతికే అవి అంకెలు. పెద్దవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మనం యంత్రాన్ని నమ్ముకున్నాం. కరోనా రోజుల్లో ఇంటింటికీ వచ్చిన వేలి క్లిప్పు నాడి చెబుతుంది, ఆక్సిజన్ శాతం చెబుతుంది, ఊపిరి ఎన్నిసార్లో చెప్పదు. ఒంట్లో ఎక్కడో చీము పట్టి రక్తంలో ఆమ్లం పెరుగుతుంటే, కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి ఊది దాన్ని తగ్గించడానికి ఊపిరి ముందే వేగం అందుకుంటుంది. క్లిప్పు మీద 97 వెలుగుతూనే ఉంటుంది, మనిషి జారిపోతూ ఉంటాడు.

అందుకే ఈ వారం విద్యార్థినులకి ఒక్క మాటే రాద్దామని కూర్చున్నాను: లెక్కపెట్టండి. నాలుగు ముక్కలు రాశానో లేదో, 1981 అడ్డొచ్చింది.

జీఎన్ఎం రెండో ఏడు. మగవాళ్ల మెడికల్ వార్డులో నైట్ డ్యూటీ. నలభై మంచాలు, వాటికి స్టాఫ్ నర్సు ఒక్కరు, మేం విద్యార్థినులం ఇద్దరం. పాదంలో ముల్లు దిగి, పిక్క దాకా వాచిపోయిన రైతు ఒకాయన మూలమంచం మీద ఉన్నాడు. రాత్రి పన్నెండు దాటాక వాళ్లావిడ నా చెంగు పట్టుకుంది. "అమ్మాయిగారూ, పొద్దున్న ఇలా లేడండీ. మాట మధ్యలో ఆగిపోతున్నాడండీ" అంది. టార్చి పట్టుకుని వెళ్లాను. మా నాన్న కొనిచ్చిన హెచ్ఎంటీ వాచీ చూసుకుంటూ నిండా నిమిషం లెక్కపెట్టాను. 34. నా లెక్క మీద నాకే నమ్మకం లేక మళ్లీ పెట్టాను. 34.

షీటు తిప్పాను. పొద్దుట్నుంచీ అన్నీ ఇరవైలే. ఒకటి మా సీనియర్ చేతిరాత, ఒకటి స్టాఫ్ నర్సుది. నాలుగు గంటల కిందట 20 ఉన్న మనిషికి 34 ఎలా వస్తుంది? నేనే ఎక్కడో తప్పి ఉంటాను. నిజంగా 34 అని రాస్తే డాక్టరుగారిని లేపాలి. లేపమని స్టాఫ్ నర్సుతో చెప్పాలి, ఆవిడ పక్క వార్డులో ఫిట్స్ వచ్చిన రోగి దగ్గర ఉంది. నాకు పంతొమ్మిదేళ్లు. పెన్ను తీసి 24 అని రాశాను.

నాలుగింటికి డాక్టరు తనంతట తనే వచ్చి, ఆయన్ని చూసి కంగారుపడ్డాడు. ఆ రైతు మూడోరోజు పోయాడు. 34 రాసి ఉంటే బతికేవాడని చెప్పలేను. డాక్టరుని మూడు గంటల ముందు పిలిచి ఉండేదాన్నని మాత్రం చెప్పగలను.

ఆ రాత్రి నేను లెక్కపెట్టాను కదా! వాచీ ఉంది, సెకన్ల ముల్లు ఉంది, రెండుసార్లు నిమిషం నిండా చూశాను. పాఠం చెప్పిన ముప్ఫై ఏళ్లూ 20 రాసిన పిల్లల్ని నిలబెట్టి అడిగాను. 34 చూసి 24 రాసిన పిల్ల కూడా వాళ్లలో ఉందేమోనని ఒక్కసారీ అడగలేదు.

నా దగ్గర చదువుకుని బ్రిటన్‌లో పనిచేస్తున్న అమ్మాయి ఒకసారి అక్కడి చార్టు సంగతి చెప్పింది. రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లు 2012లో తెచ్చారు, పేరు న్యూస్. పెద్దవాళ్లకి ఊపిరి 12 నుంచి 20 దాకా ఉంటే సున్నా. 25 తాకితే ఆ ఒక్కదానికే 3 మార్కులు. ఏ గడిలోనైనా 3 పడిందా, పైవాళ్లకి కబురు వెళ్లాల్సిందే, రోగిని వచ్చి చూడాల్సిందే. లెక్కపెట్టింది విద్యార్థినా, పాతికేళ్ల అనుభవం ఉన్న నర్సా అన్న ప్రశ్న చార్టులో లేదు. 1981లో నాకు కావలసింది ఆ గీత. ఎవరి నిద్ర పాడుచేస్తున్నానో ఆలోచించే పని లేకుండా, వేలు పెట్టి చూపించడానికి ఓ గీత.

మంగళవారం, 17 రాసి బాబాయి దగ్గర్నుంచి పక్క మంచానికి వెళ్లబోతున్న ఆ అమ్మాయిని ఆపాను.

"తల్లీ, 17 బదులు 32 వచ్చి ఉంటే ఏం చేసేదానివి?"

"మళ్లీ లెక్కపెట్టేదాన్నండీ."

"మళ్లీ 32 వస్తే?"

వెంటనే చెప్పలేదు. తల తిప్పి నర్సుల బల్ల వైపు చూసింది. అక్కడ స్టాఫ్ నర్సు ఒక్కతే, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఇంజెక్షన్ లోడ్ చేస్తోంది.