గాలిలోకి లేవకముందే

ఫిగర్ స్కేటింగ్ పోటీలు టీవీలో చూసేవాళ్లు ఎక్కువగా చుట్లు లెక్కపెడతారు. మూడు తిరిగాడా, నాలుగు తిరిగాడా? మార్చిలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ వచ్చిందంటే వార్తల్లోనూ ఆ అంకెలదే హడావిడి. నా చూపు మాత్రం ఆ లెక్క మొదలయ్యే ముందు క్షణాల మీదే ఉంటుంది. పనితనమంతా అక్కడే. నమ్మకపోతే జపాన్ స్కేటర్ యుజురు హన్యు వేసిన ట్రిపుల్ యాక్సెల్ ఒకసారి నెమ్మదిగా తిప్పి చూడండి.

ఈ జంప్‌కు ఆ పేరు నార్వే స్కేటర్ యాక్సెల్ పాల్సెన్ వల్ల వచ్చింది. 1882లో వియన్నాలో ఆయన దీన్ని వేసి చూపించాడు. మిగతా జంప్‌లన్నీ వెనక్కి జారుతూ లేచేవే. ముఖం ముందుకు పెట్టి లేచేది ఇదొక్కటే. దిగడం మాత్రం అన్నిటిలాగే వెనక్కి. కాబట్టి అర చుట్టు అదనం. ట్రిపుల్ అన్నా తిరిగేది మూడున్నర.

స్కేటు అడుగున ఉండే ఉక్కు బ్లేడు మందం సుమారు 4 మిల్లీమీటర్లు. మధ్యలో సన్నటి గాడి, దానికి అటొక అంచు, ఇటొక అంచు, ముందు కొసన పళ్లు. హన్యులా ఎడమవైపుకు తిరిగేవాళ్లు ఎడమకాలి బయటి అంచు మీద మోకాలు బాగా వంచి, కుడికాలిని ముందుకీ పైకీ విసురుతారు. చివరగా మంచును వదిలేవి ఆ పళ్లే. గాలిలో ఉండేది సెకను కూడా కాదు. తాడు విడిచిన బొంగరానికి ఇంకో చుట్టు అరువివ్వలేం కదా, ఇదీ అంతే. చేతులు ఒంటికి హత్తుకుంటే వేగం పెరుగుతుంది, చాపితే తగ్గుతుంది. కావలసిన తిప్పుడంతా మంచు మీద ఉండగానే సంపాదించుకోవాలి.

అందుకే చాలామంది వెనక్కి పొడవుగా జారుతూ, భుజాలు సర్దుకుని, అప్పుడు ఎడమకాలితో ముందుకు అడుగేసి లేస్తారు. తప్పేం లేదు. కాకపోతే ఆ కాసేపూ సంగీతాన్ని ఎవరూ పట్టించుకోరు. హన్యు బ్యాక్ కౌంటర్ నుంచి లేస్తాడు. ఎడమకాలి మీద వెనక్కి జారుతున్నవాడు అదే కాలి మీద చటుక్కున ముందుకు తిరుగుతాడు, అదీ అప్పటిదాకా జారిన వంపుకు ఎదురు దిశలో. భుజాలు ఏమాత్రం ఎక్కువ తిరిగినా అంచు చేజారుతుంది. కుదురుకునే వ్యవధి లేదు, తిరిగిన అంచు మీదనుంచే ఎగరాలి.

చీలమండ దెబ్బతో మూడు నెలలు పోటీలకు దూరమై, 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో షోపెన్ బల్లాడ్‌కు ఈ జంప్ వేశాడు. షార్ట్ ప్రోగ్రామ్‌లో 111.68 పాయింట్లు వచ్చాయి. అంకె సంగతి వదిలేయండి. పియానో వాయిద్యంలో ఒక స్వరాన్ని అందుకుని లేచినట్టే ఉంటుంది తప్ప, జంప్ కోసం ఏర్పాటు చేసుకున్న జాడ ఉండదు.

2022 బీజింగ్‌లో అతను నాలుగున్నర చుట్ల క్వాడ్ యాక్సెల్‌కు తెగించి పడిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో లేక్ ప్లాసిడ్‌లో అమెరికా కుర్రాడు ఇలియా మాలినిన్, పదిహేడేళ్లవాడు, దాన్ని నిలబెట్టాడు. ఆ సాహసాన్ని తక్కువ చేయను. కానీ అప్పటి పాయింట్ల పట్టికతో చిన్న పేచీ ఉంది. ట్రిపుల్ యాక్సెల్ మూల విలువ 8. ఎంత అందంగా లేచి దిగినా నాణ్యతకు గరిష్ఠంగా కలిసేది అందులో సగం, అంటే మొత్తం 12. క్వాడ్ యాక్సెల్‌కు మొదటే 12.5. ఆ అర పాయింటు నా చేతిలో ఉంటే బ్యాక్ కౌంటర్‌కే వేస్తాను.