ధూళిసీమ వలసకూలీలు: ఒకే శిబిరము, రెండు నవలలు

1930 దశకమున ఆర్థికమాంద్యము పాలయిన అమెరికాలో వ్యవసాయకూలీలు పడిన యిడుములు మనలో పెక్కుమందికి జాన్ స్టైన్‌బెక్ 1939లో ప్రకటించిన ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవలమూలముననే తెలియును. ఆ నవల గొప్పతనమును మేము కాదనము. కాని అదే కాలమున, అదే కాలిఫోర్నియా శిబిరములలో తిరిగి సనోరా బాబ్ అను రచయిత్రి వ్రాసిన ‘హూజ్ నేమ్స్ ఆర్ అన్‌నోన్’ నవల 2004 వఱకు వెలుగు చూడలేదు. స్టైన్‌బెక్ నవలకు లభించిన ఆదరణను చూచి, రాండమ్ హౌస్ ప్రచురణకర్తలు అదే విషయముపై మఱియొక నవల చెల్లదని తలచి దీనిని విరమించుకొనిరి.

ఉభయులకును సామగ్రి యొకచోటనే లభించినది. ప్రభుత్వశిబిరముల నిర్వాహకుడు టామ్ కాలిన్స్ స్టైన్‌బెక్‌నకు తోడ్పడెను. బాబ్ 1938లో ఆయనతోనే పనిచేసెను. ఆమె వ్రాసికొన్న వివరములు కూడ కాలిన్స్ ద్వారా స్టైన్‌బెక్‌నకు అందినవని కొందఱు పరిశోధకుల అభిప్రాయము.

అయినను దృష్టులు వేఱు. స్టైన్‌బెక్ పాత్రలగు జోడ్ కుటుంబీకులది ఓక్లహామా తూర్పుభాగమందలి సాలిసా ప్రాంతము. ధూళితుపానులు నిజముగా చెలరేగినది ఆ రాష్ట్రమునకు పశ్చిమపు కొసను. బాబ్ పెరిగినది ఆ మెట్టసీమలోనే. కావుననే ఆమె నవలలో సుమారు సగము వలసకు ముందే, ఆ నేలమీదనే నడచును. అందొక గృహిణి ఏనాటి ధూళిని ఆనాడే కొద్దిమాటలలో దినచర్యగా వ్రాసికొనును. స్టైన్‌బెక్ తొలి ప్రకరణమునందలి ధూళివర్ణన ఘనమైనదే. కాని అది దూరమునుండి చూచిన దృశ్యము. ఇది నిత్యము ఇల్లూడ్చుకొనువారి ధూళి.

ఇక కూలిరేట్లు పడిపోవు విధమును చూపుటలో స్టైన్‌బెక్‌నకు సాటి లేదు. యజమానులు కావలసిన వారికి పలురెట్లు మందిని కరపత్రములతో రప్పింతురు. ఆకలిగొన్నవాడు తక్కువ కూలికే ఒప్పుకొనును. కథనడుమ వచ్చు సామాన్యప్రకరణములే ఈ తర్కమును నడపును. వానిని అనావశ్యకములని త్రోసివేయు విమర్శకులతో మేము ఏకీభవింపజాలము.

మా ఆక్షేపణ వేఱొకటి. 1936లో ఆయన పత్రికకు వ్రాసిన వ్యాసములు 1938లో ‘దెయిర్ బ్లడ్ ఈజ్ స్ట్రాంగ్’ అను పేర పుస్తకముగా వెలువడినవి. వీరు పాత అమెరికనుల సంతతి కావున వీరికిట్టి దుర్గతి తగదను ధ్వని ఆ పేరులోనే యున్నది. వీరికి పూర్వము ఆ పొలములలో శ్రమించిన మెక్సికనులు, ఫిలిప్పీనీయులు నవలలో దాదాపు మఱుగుపడిరి. బాబ్ నవలలో ఫిలిప్పీనీయులు, నల్లజాతివారు తోడి కూలీలుగా కనిపింతురు. 1935 నాటి కార్మికసంబంధముల శాసనము వ్యవసాయకూలీలను తన రక్షణనుండి వెలిపుచ్చెను. అచ్చట సంతతి యెవ్వరినిని కాపాడలేదు. ఈ యంశమున బాబ్ చూపే సత్యమునకు చేరువ.

ఆమె తన నవల పేరును ఇల్లు ఖాళీచేయించు తాఖీదునుండి గ్రహించెను. పేరు తెలియనివారినుద్దేశించి న్యాయస్థానములు వాడు మాట అది. గ్రంథము అచ్చయిననాటికి ఆమెకు 97 ఏండ్లు. మఱుసటి యేడే, 2005లో, ఆమె మరణించెను.