కొయ్యపిందె

పోతపనికి మైనమును వాడుట మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన సంప్రదాయము. ఆదిలాబాదు ప్రాంతపు ఓజాలు నేటికిని మైనపు తీగలతో ఆకృతిని అల్లి, దానిపై మట్టి పూసి, నిప్పులో మైనము కరిగిపోయిన తావున ఇత్తడిని నింపి తమ డోక్రా ప్రతిమలను సిద్ధము చేయుచున్నారు. ఆ పద్ధతి సౌందర్యమును నేను కాదనను. కాని ఒక ప్రతిమకై మలచిన మైనము ఆ ఒక్క ప్రతిమతోనే అంతరించును. అచ్చు నశింపక, నేడొకరికిని, పదేండ్ల తరువాత వేరొకరికిని అదే పతకమును ఇయ్యవలెనన్నచో కొయ్యను ఆశ్రయింపవలెను. ఆ కోరికయే నన్ను మూడేండ్ల క్రిందట, బల్లపై అమరునంతటి సీఎన్‌సీ యంత్రము కడకు చేర్చినది.

సంఖ్యల ఆజ్ఞకు లోబడి లోహమును కోయు యంత్రమును 1952లో అమెరికాలోని ఎంఐటీవారు ప్రదర్శించిరి. నేడు మన పట్టణములలో పూజగదుల తలుపులపై లతలు చెక్కుచున్న పెద్ద యంత్రములు దాని సంతతియే. నా యంత్రము వాటి ముందు శిశువు. అయినను, అర మిల్లీమీటరు మొన గల బిట్టు నిమిషమునకు వేలమారులు తిరుగుచు, వరుస ప్రక్క వరుసగా వెంట్రుకవాసి ఎడముతో పోయి వచ్చుచుండగా, బొటనవ్రేలంత మామిడిపిందె తెల్లని పొట్టులో నుండి మెల్లమెల్లగా తల యెత్తుచున్నప్పుడు నేను చూపు మరల్చుకొనలేను. ఏటికొప్పాక బొమ్మలకు వాడు అంకుడు కర్రనే కోరి తెచ్చుకొంటిని; అది మెత్తన, దాని నార సన్నము, సూక్ష్మమైన అంచును సైతము నిలుపును.

మొదటి నమూనాకు గోడలు నిటారుగా, అంచులు కత్తివాదరవలె నుండవలెనని పట్టుపట్టితిని. కరిగిన వెండిని పోయుటకు తగిన గుంట ఏర్పడుటకై, నూనె కలిపి మెదిపిన సన్నని ఇసుకను చట్రమున దట్టించి, నమూనాను అందు బోర్లించి అదిమి, పైకి తీయబోగా, చుట్టునుగల ఇసుక దానితోకూడ పెళ్ళలై లేచి వచ్చెను. మరల అదిమితిని, మరల అంతే. మా వీధిలో చిరకాలముగా కొలిమి నూదుచున్న కంసాలి పెద్దాయన ఆ కొయ్యను అరచేత నుంచుకొని, త్రిప్పి చూచి, "ఇది అభిమన్యుడు బాబూ, లోపలికి పోతుంది, బయటికి రాలేదు" అనెను.

లోపము యంత్రమునది కాదు, నాది. నిటారు గోడ ఇసుకను ఒరసికొనుచు లేచును. వీపువైపు వెడల్పై, ముఖమువైపునకు రెండు మూడు డిగ్రీలు లోనికి వాలిన గోడ కదలిన క్షణముననే ఇసుకను విడిచివేయును. రెండవమారు మొనవైపునకు సన్నబడు బిట్టును ఎన్నుకొంటిని. దాని ఏటవాలే గోడలకును సంక్రమించినది. వెండి చల్లారునప్పుడు నిడివిలో నూటికి సుమారు రెండు వంతులు కుంచించుకొనును గనుక, 30 మిల్లీమీటర్ల పిందెకై కొయ్యను 30.6గా పెంచితిని. స్పిరిటులో కరిగించిన లక్కను రెండు పూతలు పూసి, లేచిన నారను గరుకు కాగితముతో అణచి, పౌడరు అద్ది, ఇసుకలో అదిమి, ప్రక్కలను మృదువుగా తట్టి ఎత్తగా, తొడిమ మడతతో సహా పిందె రూపము ఇసుకలో చెక్కుచెదరక నిలిచినది. ఆనాటి ఆనందమును ఏ ఆభరణమును నాకు ఈయలేదు.

యంత్రము చేతిపనిని చంపునని బాధపడు మిత్రులు ఈ ఎత్తుటను ఒక్కమారు చూడవలెనని నా కోరిక. ఉలి శ్రమను అది హరించినది గాని, కొయ్యను ఎంచుట, వాలు నిర్ణయించుట, పోయుట నేటికిని మనుష్యునివే. శుద్ధమైన వెండి 962 డిగ్రీల వద్ద కరుగును. చిటికెడు వెలిగారము పడి, మూసలో అది అద్దమువలె తళతళలాడునప్పుడు, జంకక ఒకే ధారగా పోయవలెను. క్షణము తటపటాయించినను తొడిమ నిండదు.

ఆ కొయ్యపిందె ఇంతవరకు పదునేడు పతకములకు అచ్చైనది. పదునేడవ దానికి పెద్దాయన తానే ఆకురాయి పట్టి అంచులు తీర్చెను. అది మొన్న శుక్రవారము ఆయన మనుమరాలి మెడలో పడినది.