హాస్కెల్ థ్రెడ్డులు: ఒక గ్రంథ విమర్శ

సైమన్ మార్లో రచించిన 'పారలల్ అండ్ కాంకరెంట్ ప్రోగ్రామింగ్ ఇన్ హాస్కెల్' అను గ్రంథము 2013లో వెలువడినది. హాస్కెల్ భాషకు ప్రధాన కంపైలరైన జి.హెచ్.సి. నిర్మాతలలో వారొకరు. కనుక ఈ విషయమును వ్రాయుటకు అంతకంటె తగినవారు అరుదు. నేటికిని తరగతిలో నేను ముందుగా చేతికి తీసికొనునది ఈ గ్రంథమే. ఐనను ఇందొక లోపము గలదు.

ఒకే ప్రోగ్రాములో పెక్కు పనులు కలసి సాగవలెనన్న, పనికొక థ్రెడ్డును కేటాయింతురు. అనేక భాషలలో థ్రెడ్డులను ఆపరేటింగ్ సిస్టమే నడుపును. అది ఖర్చుతో కూడిన పని. అందుచే కొన్ని థ్రెడ్డులను ముందే సిద్ధపరచి, వచ్చిన పనులను వరుసలో నిలిపి, వానికే పంచుదురు. ఇదియే థ్రెడ్ పూల్. మన మార్కెట్టు యార్డులలోని హమాలీల ముఠా వంటిది: బస్తాలెన్ని వచ్చినను కూలీల సంఖ్య మారదు, బస్తాలే ఆగును.

హాస్కెల్ సంగతి వేరు. దాని థ్రెడ్డులను జి.హెచ్.సి. రన్‌టైమే నడుపును. ఒక్కొక్కటి 1 కిలోబైటు స్టాకుతో పుట్టి, అవసరమును బట్టి పెరుగును. లక్ష థ్రెడ్డులనైనను సామాన్య యంత్రము తట్టుకొనగలదు. ఇక పూల్ ఎందులకు? 12వ అధ్యాయములో ఒక చిన్న సర్వరు కలదు. అంకెను పంపినచో రెట్టింపు చేసి తిరిగి పంపును. వచ్చిన ప్రతి కనెక్షనుకును ఒక క్రొత్త థ్రెడ్డు! రచన ముచ్చటగా నున్నది. కాని కనెక్షనుల సంఖ్యకు అందు హద్దు లేదు.

చిక్కు ఇచటనే కలదు. పూల్ రెండు పనులు చేయును. ఖరీదైన థ్రెడ్డులను పొదుపు చేయుట ఒకటి. ఒకేసారి సాగు పనులకు హద్దు విధించుట రెండవది. థ్రెడ్డులు చవుకయైనచో మొదటి అవసరమే తీరును. కూలీలు ఉచితముగా దొరకినను గోదాము ద్వారము వెడల్పు కాదు గదా! నా విద్యార్థి యొకడు కొన్నివేల ఫైళ్లను చదువుటకు ఫైలుకొక థ్రెడ్డును పుట్టించెను. థ్రెడ్డులన్నియు చక్కగా పుట్టినవి. కాని లినక్సు సాధారణముగా ఒక ప్రాసెసుకు 1024 ఫైళ్లనే ఒకేసారి తెరవనిచ్చును. ప్రోగ్రాము కూలినది. "పుస్తకంలో ఉన్నట్లే వ్రాశాను గదా సార్" అని అతడనెను. అతని మాటలో నిజము లేకపోలేదు.

హద్దు విధించు ఉపాయము గ్రంథములో లేదనుట అన్యాయము. 13వ అధ్యాయములో ఫైళ్లను వెదకు ప్రోగ్రామునకు సెమఫోరు నమర్చి థ్రెడ్డుల సంఖ్యను అదుపు చేసినారు. అనుమతి దొరకనిచో, అడిగిన థ్రెడ్డే ఆ పనిని స్వయముగా చేసికొనును. చక్కని యోచన. కాని అచట ప్రధాన దృష్టి వేగము మీదనే. ఫైళ్లు, డేటాబేసు కనెక్షనుల వంటి పరిమిత వనరుల రక్షణ మీద కాదు. పైగా థ్రెడ్డులను పుట్టించుట 7వ అధ్యాయముననే నేర్పిరి. అప్పటికే పాఠకునికి అలవాటు ముదిరియుండును.

విచిత్రమేమన, తగిన సాధనము 10వ అధ్యాయముననే కలదు. అది ఎస్.టి.ఎమ్.; మార్లో తోటివారితో కలిసి 2005లో ప్రకటించిన పద్ధతి. మిగిలిన అనుమతుల సంఖ్య నొకచోట నుంచి, అది 0 అయినపుడు వేచియుండుమని అందు రెండు మూడు పంక్తులలో చెప్పవచ్చును. ఆ పంక్తులను 12వ అధ్యాయపు సర్వరుకు చేర్చియున్న బాగుండెడిది. ప్రస్తుతము నేను 7వ అధ్యాయము వెంటనే 13లోని సెమఫోరు భాగమును చదివించుచున్నాను.