మెకాలే ఉపన్యాసమును, బ్రౌను దొర తాటాకు ప్రతులును

గడచిన వారము విశ్రాంత ఉపాధ్యాయులొకరు నాకొక సందేశమును పంపి, దీనిని ఈ శీర్షికలో తప్పక ప్రకటింపవలసినదని కోరిరి. 1835 ఫిబ్రవరి 2వ తేదీన మెకాలే బ్రిటిషు పార్లమెంటునందు చేసినదని చెప్పబడు ఉపన్యాసమది. తాను భారతదేశమును ఈ కొననుండి ఆ కొనవరకు తిరిగి చూచితిననియు, యాచకుడు గాని దొంగ గాని ఎచ్చటను కానరాలేదనియు, ఈ జాతికి వెన్నెముకయైన ప్రాచీన సంస్కృతిని విరిచిననే గాని దీనిని జయింపజాలమనియు అందలి సారాంశము. పాఠశాల గోడలమీద, సంచికల అట్టలమీద, సభావేదికలమీద దీనిని ఎన్నడును ఎరుగని తెలుగువాడు అరుదు. “వేయిచోట్ల ఉన్నదయ్యా, అబద్ధమెట్లగును?” అని ఆ పెద్దలు చివర చేర్చిన ప్రశ్న నన్ను వారమంతయు కలవరపెట్టినది.

ఈ శీర్షికను చదువుచున్నవారికి నా పాత పట్టు తెలిసినదే: ఎవరు, ఎచ్చట, ఎప్పుడు అను మూడు ప్రశ్నలకు సమాధానము లేని మాటను విశ్వసింపరాదని నేను విసుగులేక వ్రాయుచుందును. అయితే ఈ కూటలేఖనమునకు ఆ మూడును ఉన్నవి. తేదీ సైతము గాలిలోనుండి పుట్టినది కాదు. విద్యావిషయమున మెకాలే తన ప్రసిద్ధమైన అభిప్రాయపత్రమును ఆనాడే నిజముగా వ్రాసెను. కావున సగము శోధించి ఆగినవాడు, తేదీ సరిపోయినదన్న తృప్తితో, మునుపటికంటె గట్టిగా నమ్మును. మరియొక అడుగు వేసినవానికి గాని అసలు సంగతి తెలియదు. మెకాలే 1834 జూన్‌లో మద్రాసున ఓడ దిగి, ఆ ఫిబ్రవరినాటికి కలకత్తాలో గవర్నరు జనరలు కౌన్సిలునందు సభ్యుడై యుండెను. లండనులోనో, పార్లమెంటు డిసెంబరు చివర రద్దయి, ఎన్నికలు జరిగి, క్రొత్త సభ ఫిబ్రవరి 19న గాని కూడలేదు. వక్తయు లేడు, సభయు లేదు. ఇక జయింపజాలమన్న మాటయందురా, కడప సీమతో కూడిన దత్తమండలములు 1800లోనే కుంపిణీ చేతికి పోయి, మన్రో అచ్చట కలెక్టరుగా శిస్తు నిర్ణయించి వెడలిపోయి, అప్పటికి పాతికేండ్లు దాటినవి.

కడప సీమ పేరెత్తినంతనే నా మనస్సు బ్రౌను దొరమీదికి పోవుట పాఠకులెరిగిన అలవాటు. 1820లో చిన్న ఉద్యోగిగా కడపకు వచ్చి, తెలుగున ప్రావీణ్యము పెంచుకొని, పిదప బంగళా కొని, పండితులకు జీతములిచ్చి కావ్యపరిష్కరణమునకు పూనుకొన్న ఆ మహనీయుని పద్ధతి నేటి మన చిక్కునకు నేరుగా సంబంధించినది. ఒక్కొక్క గ్రంథమునకు పలు తావులనుండి ప్రతులను తెప్పించి, పద్యములకు సంఖ్యలు వేయించి, పాఠభేదములను ప్రక్కప్రక్కన వ్రాయించి, పండితులచేత చదివించి, వాదింపజేసి, ఆమీదట గాని ఆయన పాఠమును నిర్ణయించెడివాడు కాడు. ఇట్టి పనిలో ప్రతులెన్ని దొరకినవన్నది ప్రధానము కాదు. అవి ఒకదానిని చూచి మరియొకటి ఎత్తివ్రాసినవా, వేర్వేరు దారులలో వచ్చినవా అన్నది ప్రధానము. ఒకే మాతృకనుండి పుట్టిన పది ప్రతులలో ఒకే లేఖకదోషము పదిమార్లు అగపడును గాని, సాక్షి ఒక్కడే. వేమన పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో అచ్చువేసిన బ్రౌను, అంతతో తృప్తిచెందక, 1839లో వానిని పెంచి మరల ప్రకటించెను. జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో 1851లో మనుచరిత్రము వెలువడుట ఈ దీర్ఘశ్రమకు ఫలము. మా ఉపాధ్యాయులవారి వేయిచోట్లను ఈ దృష్టితో చూచినచో, అవి వేయి ప్రతులు, ఒక్క మాతృక. ఆ మాతృకకు పార్లమెంటు చర్చల గ్రంథములలో ఆధారము లేదు.

ఇచ్చట కలము దించుట సులభము. దీనిని కూటమని తేల్చినవారు పెక్కుమంది ఇచ్చటనే ఆగుచున్నారు. వినువారు మెకాలే నిర్దోషియని తలచి పోవుచున్నారు. అది నాకు సమ్మతము కాదు. ఆయన నిజముగా వ్రాసిన పత్రమును తెరచి చూడుడు: మంచి ఐరోపా గ్రంథాలయమునందలి ఒక్క అరలోని పుస్తకములు భారత, అరబ్బు దేశముల వాఙ్మయమంతటికి సాటియని అందున్నది. దానికి ముందుగానే, తనకు సంస్కృతము గాని అరబ్బీ గాని రాదనియు, పేరుగన్న గ్రంథములను అనువాదములలో చదివితిననియు, ఆ భాషలలో ఆరితేరినవారితో సంభాషించితిననియు, వారిలో ఒక్కడును తన మాటను కాదనలేదనియు ఆయన చెప్పుకొనెను. మనము నేడు యువకులకు బోధించునది ఇదియే కదా! ప్రామాణికమైన అనువాదమును చూడుమని, నిపుణుని అడుగుమని, నిపుణులందరు ఏకాభిప్రాయముగా నున్నారేమో విచారింపుమని. మెకాలే ఇదంతయు చేసెను. చేసియు, తానొక్క అక్షరము చదువనేరని భాషలమీద తీర్పు చెప్పెను. అదే కుంపిణీ కొలువులోని మరియొక ఉద్యోగి తెలుగు నేర్చి అచ్చువేసిన వేమన అప్పటికి ఆరేండ్లుగా వెలుగులో నున్నది. మాట ఎవరిదో నిర్ణయించుటకు ఆధారముల యోగ్యత చాలును. మాట సత్యమో కాదో నిర్ణయించుటకు, ఎంత గౌరవనీయులైనను, ఇతరుల పేర్లు చాలవు. విషయమును తానే చదివినవాడు, అందును ఎదుటిపక్షమును చదివినవాడు కావలెను. నా మూడు ప్రశ్నలు ఇంతదూరము రాజాలవు.

1920లో షార్పు సంకలనము చేసిన విద్యాపత్రముల సంపుటమున మెకాలే పత్రముతోపాటు, దానిని ఖండించుచు హెన్రీ థోబీ ప్రిన్సెప్ 1835 ఫిబ్రవరి 15న వ్రాసిన సమాధానమును గలదు. అంతర్జాలమున ఎవరికైనను లభించును. ఆ రెండింటిని ఉపాధ్యాయులవారికి కలిపి పంపితిని. ప్రిన్సెప్ ఆక్షేపణములను మెకాలే చదువకపోలేదు. చదివి, వివరములలో ఒకటి రెండు చిన్న పొరపాట్లు దొరలి యుండవచ్చునని ఒప్పుకొని, ప్రధానవిషయమున తన అభిప్రాయము చలింపకపోవుటయే గాక మరింత దృఢపడినదని వ్రాసెను. మార్చి 7న గవర్నరు జనరలు బెంటింకు ఆయన పక్షముననే తీర్మానమును వెలువరించెను.