కాంట్రాక్టులో ఉన్నవి, కథలో లేనివి

మన ప్రవాస కథల ప్రపంచపటం చాలా చిన్నది. అందులో అమెరికా ఉంటుంది. అప్పుడప్పుడూ లండనో సింగపూరో తొంగిచూస్తాయి. గల్ఫ్ మాత్రం వేరే పుస్తకంలో ఉంటుంది. అమెరికా వచ్చినవాళ్ళకి కథా సంకలనాలున్నాయి; వంగూరి ఫౌండేషన్ 1990ల నుంచీ వేస్తూనే ఉంది. గల్ఫ్ వెళ్ళినవాళ్ళకి జిల్లా ఎడిషన్లో వార్త ఉంది, తెలంగాణలో పాట ఉంది, "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అన్న నానుడి ఉంది, 2017లో పి. సునీల్ కుమార్ రెడ్డి తీసిన ‘గల్ఫ్’ సినిమా ఉంది. కథలు అసలు లేవని అనను. ఉన్నవి ‘డయాస్పోరా’ అని అట్టమీద రాసుకున్న పుస్తకాల్లోకి రావడం నేను చూసింది బహు తక్కువ. ఇద్దరూ పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని విమానమెక్కినవాళ్ళే. ఒకరు డయాస్పోరా అయ్యారు, ఇంకొకరు వలస కూలీ అయ్యారు.

ఈ సంగతి నాకు సాహిత్య సభలో తట్టలేదు. ఉద్యోగాల వేటలో తట్టింది. కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేసి న్యూజెర్సీలో ఇరవయ్యేళ్ళుగా కన్సల్టింగ్ చేస్తున్నాను. కన్సల్టింగ్ అంటే సోమవారం తెల్లవారుజామున సూట్‌కేసు, గురువారం అర్ధరాత్రి ఇల్లు. ఇద్దరున్న ఇంట్లో అది నడుస్తుంది. నేనూ, పదేళ్ళ మా వాడూ మాత్రమే ఉన్న ఇంట్లో నడవదు. ఇక్కడి కాలేజీల్లో ఎడ్జంక్ట్‌గా పాఠం చెప్పడానికి నా చదువు సరిపోతుంది. కానీ కోర్సుకింత అని ఇస్తారు, చాలాచోట్ల హెల్త్ ఇన్సూరెన్సు ఉండదు. పిల్లవాడికి ఉబ్బసం ఉన్న తల్లి ఆ వాక్యం దగ్గరే ఆగిపోతుంది.

అలా ఆగి, పక్కకి చూస్తే గల్ఫ్ కనిపించింది. అల్ ఐన్‌లో యూఏఈ యూనివర్సిటీ 1976లో మొదలైంది. మస్కట్‌లో సుల్తాన్ ఖాబూస్ యూనివర్సిటీ 1986లో, యూఏఈ అంతటా శాఖలున్న హయ్యర్ కాలేజెస్ ఆఫ్ టెక్నాలజీ 1988లో వచ్చాయి. ఆ తర్వాత అమెరికా యూనివర్సిటీలే అక్కడ దుకాణాలు తెరిచాయి: దోహాలో 2004లో కార్నెగీ మెలన్, అబుదాబిలో 2010లో న్యూయార్క్ యూనివర్సిటీ. పీహెచ్‌డీ లేకపోయినా మాస్టర్స్ చదువు, ఇండస్ట్రీ అనుభవం చూసి ఇన్‌స్ట్రక్టర్లని తీసుకునే కాలేజీలు ఆ ప్రాంతంలో కొన్ని ఉన్నాయి.

ఆ కాంట్రాక్టుల నమూనాలు తెప్పించుకుని చదివాను. చెప్పొద్దూ, ఈమధ్య చదివిన చాలా కథలకన్నా శ్రద్ధగా చదివాను. జీతం సంగతి తర్వాత. ఉండడానికి ఇల్లు లేదా ఇంటి అద్దె, ఏడాదికోసారి స్వదేశానికి టిక్కెట్లు, ఇద్దరు ముగ్గురు పిల్లల దాకా స్కూలు ఫీజులో సాయం, వైద్యం, వదిలి వెళ్ళేటప్పుడు గ్రాట్యుటీ. ఒంటిచేత్తో పిల్లవాణ్ణి పెంచేవాళ్ళకి నెలనెలా ఊపిరాడనివ్వని ఖర్చులన్నీ వరసగా, క్లాజులుగా రాసి ఉన్నాయి. అయితే ఆ కాంట్రాక్టుకీ ఒక కథానాయకుడున్నాడు. ఉద్యోగి, అతని భార్య, పిల్లలు: ఆ బొమ్మ మనసులో పెట్టుకుని రాసిన కాగితం అది. ఇంకొకటి, అక్కడ ఉద్యోగం ఉన్నంతసేపే ఉనికి. టెక్సస్ ఎ అండ్ ఎమ్ యూనివర్సిటీ 2003 నుంచీ దోహాలో నడిపిన క్యాంపస్‌ని 2028 కల్లా మూసేస్తామని 2024 ఫిబ్రవరిలో నిర్ణయించింది. టీచర్లు కట్టుకున్న ఇళ్ళు కావు కదా అవి, ఖాళీ చేయడం తేలికే.

ఇక కాగితాలు. పేరు చెప్పడం ఇష్టంలేని ఒక యూనివర్సిటీ వాళ్ళు నా ఇంటర్వ్యూ అయ్యాక పంపిన ఫారంలో ‘మీ భర్త వివరాలు’ అన్న గడి ఖాళీగా వదిలితే ముందుకి కదలలేదు. సరే, అది సాఫ్ట్‌వేర్ రాసినవాడి తెలివి. మా వృత్తివాడే కాబట్టి క్షమించాను. అసలు అడ్డం ఆ తర్వాత ఉంది. యూఏఈలో 2019 దాకా స్త్రీ తన కుటుంబానికి స్పాన్సర్‌గా ఉండాలంటే టీచరో, డాక్టరో, ఇంజనీరో అయి ఉండాలి. ఆ ఏడాది నియమం మార్చి వృత్తి బదులు ఆదాయం చూస్తున్నారు. మంచిదే. కానీ పిల్లవాణ్ణి తల్లి తన వీసా మీద తెచ్చుకోవాలంటే, తండ్రికి అభ్యంతరం లేదని నోటరీ చేసిన పత్రం మామూలుగా అడుగుతారు. విడాకుల తీర్పు కూడా ఇక్కడ రాష్ట్రం చేత, వాషింగ్టన్‌లో విదేశాంగ శాఖ చేత, ఆపైన వాళ్ళ ఎంబసీ చేత ముద్రలు వేయించుకుని వెళ్ళాలి.

గల్ఫ్ అంటేనే అంత అని పెదవి విరిచేవాళ్ళకి ఒక మాట. అమెరికాలోనూ పదహారేళ్ళలోపు పిల్లకి పాస్‌పోర్టు తీయాలంటే ఇద్దరి సమ్మతీ కావాలి. పిల్లవాణ్ణి దేశం దాటించి కాపురం మార్చాలంటే తండ్రి ఒప్పుకోవాలి, లేకపోతే కోర్టు ఒప్పుకోవాలి. పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఎత్తుకుపోతే వెనక్కి పంపించే ఏర్పాటుకి 1980 నాటి హేగ్ ఒప్పందం ఉంది. అందులో యూఏఈ లేదు, ఇండియా కూడా లేదు. కాబట్టి జడ్జిగారు దుబాయ్ అన్నా వెనకాడతారు, అమలాపురం అన్నా వెనకాడతారు. యూనివర్సిటీవాళ్ళు నాకిచ్చిన గడువు ముందొస్తోంది. కోర్టు తేదీ ఆ తర్వాత వస్తోంది.

ఇప్పుడు మన కథల్లోకి వస్తాను. విడాకులైన తెలుగు స్త్రీ అమెరికా కథల్లో లేకపోలేదు. కానీ కథ ఎక్కడ మొదలవుతుంది? కోర్టు పని అంతా అయిపోయాక, వాన పడుతున్న కిటికీ దగ్గర. లాయరు ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోతాడు. ఆవిడ ఎంత సంపాదిస్తుందో, ఇన్సూరెన్సు ఎవరి ఉద్యోగం మీద ఉందో, మధ్యాహ్నం మూడింటికి స్కూలు బస్సు దగ్గర పిల్లని ఎవరు అందుకుంటారో రాయరు. వెక్కివెక్కి ఏడవడం మాత్రం రాస్తారు. చివర్లో ఒక మంచి మగవాడు, లేదా ఇండియా నుంచి వచ్చి మనసు మార్చుకున్న అత్తగారు. పెళ్ళి గురించి మనవాళ్ళు గట్టిగా రాయలేదని కాదు. కల్పనా రెంటాల ‘తన్హాయి’ పెళ్ళయిన ఇద్దరి మధ్య ప్రేమని తీసుకుని పాఠకుల్లో పెద్ద వాదనే లేపింది. ఆ వాదన పెళ్ళి గడప లోపల జరిగింది. గడప దాటాక ఏముంటుందంటే, ఎక్కువ భాగం కాగితాలుంటాయి. కథకులకి అవి చిరాకు. నాకు మాత్రం వాటిలోనే కథ కనిపిస్తోంది. ఎవరి సంతకం ఎవరికి కావాలో, ఎవరు పెట్టకుండా ఆపగలరో తెలిస్తే ఆ ఇంట్లో బలం ఎవరిదో తెలిసిపోతుంది.

మాట దగ్గరే తప్పటడుగు పడిందేమో. ‘సింగిల్ పేరెంట్’ని మనం ‘ఒంటరి తల్లి’ చేశాం. ఒంటరితనం ఎక్కణ్ణుంచి వచ్చింది? స్నానాల గదిలో ఉన్నా తలుపు కొట్టే కొడుకున్న మనిషిని నేను. మా కోనసీమలో ఈ మాట లేదు. "పిల్లోణ్ణి పెట్టుకుని బతుకుతోంది" అంటారు. అందులో జాలి ఉన్నా, చేస్తున్న పని కూడా ఉంది.

కోనసీమ అనగానే గల్ఫ్ మళ్ళీ వచ్చింది. అక్కణ్ణుంచీ, కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచీ ఇళ్ళలో పనికి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళిన ఆడవాళ్ళు వేలమంది. ఖద్దామా వీసా అంటే ఆ ఊళ్ళలో ఎవరూ అర్థం అడగరు. పదో తరగతి పాసవనివాళ్ళ పాస్‌పోర్టుకి ఈసీఆర్ అని గుర్తు ఉంటుంది. గల్ఫ్ దేశాలకి పనికి వెళ్ళాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. ఆ పాస్‌పోర్టున్న స్త్రీకి ముప్పై ఏళ్ళు నిండకపోతే ఆ అనుమతి ఇవ్వరు. వయసు పిల్లల్ని కాపాడాలని పెట్టిన నియమం. దాన్ని విజిట్ వీసాలతో తప్పించే ఏజెంట్లున్నారు, అది వేరే కథ. కానీ మన ఊళ్ళలో ముప్పై నిండిన పేదింటి స్త్రీ అంటే ఎవరు? దాదాపు ఎప్పుడూ ఒక తల్లి. ఆవిడ వీసా మీద పిల్లలు రాలేరు. అంటే రూలు ప్రకారం, సక్రమంగా వెళ్ళినా, పిల్లల్ని వదిలి వెళ్ళే తల్లే వెళ్ళగలదు. గల్ఫ్ మీద వచ్చిన పాటల్లో, సినిమాల్లో ఆవిడ కన్నీళ్ళున్నాయి, యజమాని దెబ్బలున్నాయి, అబద్ధమని అనను. ఈ లెక్క మాత్రం నాకు కనిపించలేదు. కువైట్ నుంచి ఫోన్లో కొడుకు ఫీజు, అమ్మ మందులు, ఇంటి పైకప్పు, అన్నీ నడిపిన గడుసు మనిషి కూడా కనిపించలేదు.

అలాంటావిడ మా వీధిలో ఉంది. అందరికీ కువైట్ అత్త. మొగుడు వదిలేశాక ముప్పై ఒకటో ఏట నాలుగేళ్ళ కొడుకుని తల్లి దగ్గర ఉంచి వెళ్ళి, పద్నాలుగేళ్ళు చేసి వచ్చింది. గల్ఫ్ ఉద్యోగం సంగతి మా అమ్మ చెబితే ఫోను లాక్కుని మాట్లాడింది. జీతం అడగలేదు.

"పిల్లోణ్ణి కూడా రానిత్తారా అమ్మాయ్?"

"రానిస్తారత్తా. స్కూలు ఫీజు కూడా కొంత ఇస్తారు. వాళ్ళ నాన్న సంతకం పెట్టాలి, అదే ఆలస్యం."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అదేంటే? నేనెల్లేటప్పుడు ఎవడూ ఏ సంతకం అడగలేదే, పిల్లోణ్ణి ఎవరికాడ ఒదిలేసెల్తన్నావని" అంది.

ఇన్నేళ్ళుగా సంకలనాలు చదువుతున్నాను, ఇంత సూటి ప్రశ్న ఏ కథలోనూ నాకు తగల్లేదు. వదిలి వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వెంట తీసుకెళ్ళడానికి రెండు దేశాల ముద్రలు కావాలి. ఆవిడా నేనూ ఒకే సముద్రపు ఒడ్డుకి, ఒకే కారణంతో వెళ్ళాలనుకున్న మనుషులం. మా ఇద్దరినీ ఒకే కథలో పెట్టే చోటు మన సాహిత్యంలో ఇంకా కట్టలేదు, ఎందుకంటే ఆవిణ్ణి ఒక అరలోనూ నన్ను ఇంకో అరలోనూ సర్దేశాం.

మలయాళీలు ఈ అరలు కొంత కూలగొట్టారు. బహ్రెయిన్‌లో ఉండగా బెన్యామిన్ రాసిన ‘ఆడుజీవితం’ 2008లో వచ్చింది. అది కూలీ కథే. అబుదాబిలో పెరిగిన దీపక్ ఉన్నికృష్ణన్ ఇంగ్లీషులో రాసిన ‘టెంపరరీ పీపుల్’ 2017లో వచ్చింది. ఆయన అదే ఊళ్ళో న్యూయార్క్ యూనివర్సిటీ క్యాంపస్‌లో పాఠాలు చెప్పారు. భవనాల మీంచి పడిపోయిన కూలీలని రాత్రిళ్ళు వెతికి అతికించే ఒక స్త్రీ ఉంది అందులో. కొన్ని కథల్లో ప్రయోగం ఎక్కువై నాకు దారి తప్పింది. అయినా క్లాసు గది, లేబర్ క్యాంపు ఒకే పుస్తకంలో ఊపిరి తీసుకున్నాయి.

మనకి దోహాలో, మస్కట్‌లో, షార్జాలో పాఠాలు చెప్పే తెలుగువాళ్ళున్నారు. వాళ్ళ ఇళ్ళలో పనిచేసే తెలుగువాళ్ళూ ఉన్నారు. సంపాదకులు ఒకసారి అటు ఉత్తరం రాసి చూడాలి, రాయలేనివాళ్ళ దగ్గర ఫోన్లో చెప్పించుకోవాలి. కువైట్ అత్త చదువు అయిదో తరగతి. చెప్పమంటే మాత్రం ఆగదు. రెండు ఆదివారాలు చెప్పించుకుని రాసుకున్నాను. ఇంకా హైదరాబాద్ విమానాశ్రయంలోనే ఉన్నాం. ఏజెంటు పాస్‌పోర్టు తీసుకుని ఎటో వెళ్ళాడు.