చిన్న గదిలో మెటల్ మోత

మెటల్ సంగీతమంటే చెవులు చిల్లులు పడే గోల అని తీర్పు చెప్పేవాళ్లు చాలామంది దాన్ని ఫోన్‌లో అర నిమిషం విని చెబుతారు. దాని పస తేలేది చిన్న గదిలో. హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి కుర్రాళ్లు హైటెక్ సిటీ దాటి వెళ్లే చిన్న కెఫేల్లో వేదిక అడుగెత్తు ఉంటే గొప్ప. వాయించేవాళ్ల చేతులు, కాళ్లు కళ్లెదుటే ఉంటాయి కాబట్టి తప్పు దాచుకోవడం కుదరదు. గిటారిస్టు కుడి అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి మీటుతాడు. అరచెయ్యి కాస్త ముందుకు జరిగితే నాదం చచ్చిపోతుంది, వెనక్కి జరిగితే బిగువు పోతుంది. నిమిషానికి 200 బీట్ల వేగంలో డ్రమ్మర్ చతురశ్ర గతి పట్టాడంటే, డబుల్ పెడల్ మీద రెండు కాళ్లూ కలిపి సెకనుకు 13కు పైగా దెబ్బలు పడాలి. గాయకుడి గర్జన కూడా గొంతు చించుకోవడం కాదు. స్వరతంతువులకు పైనుండే మడతలను ఊపిరి బలంతో కంపింపజేసే సాధన అది. అడ్డదిడ్డంగా అరిచినవాడి గొంతు రెండో పాటకే పోతుంది.

ఇదంతా పరాయి సరుకు కదా అంటారు. వయొలిన్ పరాయిదని ద్వారం వెంకటస్వామినాయుడు గారిని ఎవరైనా నిలదీశారా? పైగా ఈ సంగీతం పుట్టింది షోకు కోసం కాదు. బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో వేళ్ల కొసలు తెగిన గిటారిస్టు టోనీ అయోమీ, నొప్పి తగ్గాలని తీగలు వదులు చేసుకున్నాడు. అతని బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ 1971 ఆల్బమ్‌లో వినిపించే ఆ బరువైన మంద్రం వెనక ఓ కార్మికుడి గాయం ఉంది. బాలానగర్ పారిశ్రామికవాడను ఆనుకుని పెరిగిన కూకట్‌పల్లికి ఇది మరీ దూరపు కథేమీ కాదు. మనవాళ్లది ఉత్త అనుకరణ అనేవాళ్లు గాడ్‌లెస్‌ను వినాలి. హైదరాబాద్, బెంగళూరుల మధ్య నడిచే ఈ డెత్ మెటల్ బ్యాండ్ 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ ఆల్బమ్ తెచ్చింది. దాని వెనక సభ్యులు ఏళ్ల తరబడి చేసిన సాధన ఉంది. తెలుగులో ఎందుకు గర్జించరన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. ఒత్తులతో నిండిన మన భాష ఈ గొంతుకు బ్రహ్మాండంగా అతుకుతుంది. ఆ పని ఇంకా గట్టిగా జరగాలి.

చెవులకు హాని అన్న మాటను కొట్టిపారేయలేం. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు తట్టుకునే చెవికి 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే గడువు. అందుకని వెళ్లడం మానక్కర్లేదు. ఇయర్ ప్లగ్స్ జేబులో వేసుకోండి, గెస్ట్ లిస్టులో పేరు అడక్కుండా టికెట్ కొనండి, పేరు తెలియని మొదటి బ్యాండ్ ఎక్కే వేళకే చేరుకోండి.